వంద రూపాయల రసీదు

ఆ రసీదు ఇంకా నా డైరీలోనే ఉంది. ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక రోజు చదువుకోవడానికి కట్టిన రుసుము, వంద రూపాయలు. దాన్ని చూసినప్పుడల్లా మెట్ల పక్కన గోడకు ఆనుకుని రెండు గంటలు నిలబడిన మా నాన్న కళ్ళ ముందు మెదులుతారు.

నేను ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. దూరవిద్యలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. చివరి సంవత్సరం లఘువ్యాసానికి మా ప్రాంతం కథనే ఎంచుకున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. పట్టణం ఒడిశాకు వచ్చింది, పాతపట్నం వైపు ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. దానికి ముందు 1931లో ఓడొనెల్ అధ్యక్షతన ఒక సరిహద్దు సంఘం వేశారు. ఆ సంఘం నివేదిక, 1931 జనగణనలోని భాషల పట్టికలు నాకు కావాలి. ఎవరు తెలుగువారు, ఎవరు ఒడియావారు అన్న లెక్కల మీదే అప్పుడు పెద్ద వాదం నడిచింది.

ఫోనులో దొరికేవన్నీ ముందే చదివాను. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) పాఠాలు దాని ఈ-జ్ఞాన్‌కోశ్ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఎవరెవరో ఏళ్ళ తరబడి కష్టపడి రాసిన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఉన్నాయి. ఆ రెండూ లేకపోతే నాలాంటి వాళ్ళు ఎప్పుడో చదువు మానేసేవారు. కానీ అరచేతిలో పట్టే తెర మీద పన్నెండు నిలువు వరుసల పట్టిక చదవలేం. పుస్తకం బల్ల మీద పరిచి, స్కేలు ఆనించి చదవాలి.

ఫిబ్రవరిలో ఐదు రోజులు సెలవు పెట్టాను. నాన్న తోడు వస్తానన్నారు. ఆయన రాయగడ కాగితం మిల్లులో పని చేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పి ఉంది, అయినా రైలు ప్రయాణమంటే ఉత్సాహం. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే దారిలో సొరంగం వచ్చినప్పుడల్లా చిన్నపిల్లవాడిలా లెక్కపెట్టారు. కోరాపుట్ బస్టాండు దగ్గర ఇరవై రూపాయలకు పెద్ద గ్లాసుడు రాగి అంబలి, పక్కన కాల్చిన ఎండుమిర్చి, ఉల్లిపాయ ఇచ్చారు. నాన్న రెండు గ్లాసులు తాగారు. ఆ చలిలో, ఆ ధరకు, అంత కడుపు నింపే తిండి ఈ ప్రయాణంలో మరెక్కడా దొరకలేదు. బరంపురంలో నూట ఇరవై రూపాయల భోజనం బాగుంది. పప్పులో కూరగాయలు వేసి వండిన డాల్మా, దాని పక్కనే మన ఆవకాయ. వడ్డించినాయన మా మాట వినగానే తెలుగులోకి మారిపోయాడు.

ఇక ఆ విశ్వవిద్యాలయం. ఈ సరిహద్దు జిల్లాల్లో ప్రభుత్వానివి, ప్రైవేటువి చాలానే ఉన్నాయి. అది ఏదో, ఏ రోజు వెళ్ళామో రాయను. ఆటోకు నూట యాభై ఇచ్చి పదిన్నరకు గ్రంథాలయం చేరాం. భవనం కొత్తది, అద్దాల తలుపులు, లోపల చల్లగా ఉంది. మా అధ్యయన కేంద్రం ఇచ్చిన ఉత్తరం, ఆధార్ ప్రతి, గుర్తింపు కార్డు చూపించాను. కౌంటరులో ఆయన అవేవీ చదవలేదు. వంద రూపాయలు తీసుకుని రసీదు రాసి, పైకి వెళ్ళమన్నారు. పాత నివేదికల గది పై అంతస్తులో ఉంది. అక్కడ ఉన్నాయన, అధికారి సంతకం కావాలని కిందికి పంపారు. అధికారి సమావేశంలో ఉన్నారు. తరువాత భోజనానికి వెళ్ళారు. వరండాలో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నాన్న కూర్చోబోతే కాపలా మనిషి, అవి సిబ్బందివి అన్నాడు. నాన్న మారు మాట్లాడకుండా లేచి గోడ దగ్గరికి వెళ్ళారు.

మూడుంపావుకు అధికారి నా ఉత్తరం మొదటి వాక్యం చదివారు. "మీరు మా విద్యార్థి కారు. మీ విశ్వవిద్యాలయం మీకు పుస్తకాలు పంపుతుంది కదా, అవి చదువుకోండి" అన్నారు. నేను పుస్తకం ఇంటికి ఇవ్వమనలేదు, అక్కడే కూర్చుని రెండు గంటలు చూస్తానన్నాను. బయటివారికి దినపత్రికల హాలు వరకే అనుమతి అన్నారు. అలాంటప్పుడు రుసుము తీసుకునే ముందే ఆ మాట చెప్పాలి కదా అని అడిగాను. రసీదు కోశాక డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదన్నారు. ఇంట్లో పాత పత్రికలు కొనే వాళ్ళయినా తూకం చూపించి డబ్బు లెక్క చెబుతారు. జీతం రాళ్ళలో కొంత పక్కన పెట్టి, సెలవు పెట్టుకుని, పిల్లల్ని అత్తగారికి అప్పగించి చదువుకునే మనిషి దూరవిద్య విద్యార్థి. ప్రభుత్వ సొమ్ముతో కొన్న పుస్తకాన్ని ఆ మనిషి కళ్ళతో చూస్తే అరిగిపోతుందా? ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఆ రాత్రి దిగిన లాడ్జి కూడా తక్కువది కాదు. గదికి ఎనిమిది వందల యాభై అని చెప్పి, బకెట్టు వేడినీళ్ళకు నలభై, అదనపు దుప్పటికి యాభై వేశారు. బేరం ఆడే ఓపిక నాకు లేదు. గది తీసుకునే ముందు కుళాయి తిప్పి చూడండి, చలికాలమైతే నీళ్ళ సంగతి ముందే అడగండి.

చివరి రోజు పర్లాకిమిడి వెళ్ళాం. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే లైను మీద ఉంటుంది ఆ ఊరు. ఆ లైను 1900లో జమీందారు వేయించిన చిన్న రైలు మార్గంగా మొదలైంది, ఇప్పుడు బ్రాడ్‌గేజి. నాన్న నేరుగా ఇంటికి పోదామన్నారు. ఒక్క గంట అని బతిమాలి ఒక పాత గ్రంథాలయానికి తీసుకువెళ్ళాను. పెంకుల వరండా, తలుపు గొళ్ళెం తుప్పు పట్టింది. ముందు రోజు ఫోను చేసినప్పుడు "రండి, చూద్దాం" అని మాత్రమే అన్నారు.

గ్రంథపాలకురాలు నా ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఆ తరువాత నన్ను కాక నాన్నను చూసి, "ముందు మీరు కూర్చోండి" అని కిటికీ పక్క బల్ల దగ్గర కుర్చీ లాగారు. చెక్క సొరుగుల్లోని కార్డులు వెతికి, అరగంటలో రెండు దళసరి సంపుటాలు తెచ్చారు. నివేదిక, జనగణన. రుసుము లేదు. జిరాక్సు తీస్తే అట్ట విరుగుతుందని ఒప్పుకోలేదు, ఫోనుతో ఫోటోలు తీసుకోమన్నారు.

నాన్న ఒక పుట అంచును వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా వదిలారు. "ఇది పటిక వేసిన కాగితం అమ్మా. సిరా పాకకుండా వేసేవారు. ఆ పులుపే ఏళ్ళు గడిచే కొద్దీ కాగితాన్ని తినేస్తుంది. మడత పెట్టకు, చీలిపోతుంది" అన్నారు. గ్రంథపాలకురాలు ఆసక్తిగా దగ్గరికి వచ్చారు. పురుగు కంటే తేమ ఎక్కువ చెరుపు చేస్తుందని, ఏ అరను గోడకు దూరంగా జరపాలో ఆయన చూపించారు. రెండు రోజుల తరువాత ఆ ముఖంలో వెలుగు చూశాను.

నేను పట్టికలు రాసుకుంటుంటే ఆయన 894.827 అని అంకె వేసిన అర దగ్గర నిలబడ్డారు. గ్రంథాలయాల్లో పుస్తకాలను విషయాల వారీగా అమర్చే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి ఇచ్చిన సంఖ్య అది. ఒడియా పుస్తకాల మధ్య ఒకే ఒక్క అర. గిడుగు రామమూర్తి పంతులు 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది ఈ ఊళ్ళోనే. వాడుక భాష కోసం, సవర గిరిజనుల భాష కోసం జీవితమంతా పాటుపడి, ఊరు ఒడిశాలోకి పోయిన 1936లో రాజమండ్రికి తరలిపోయారు. నేను వెతుకుతున్న సరిహద్దు గీత ఆయన ఇంటిని కూడా తాకింది. నేరుగా ఇంటికి పోదామన్న నాన్న మూడు గంటలు ఆ అర దగ్గరే చదువుకున్నారు. మధ్యలో గ్రంథపాలకురాలు తన ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చారు.

మీలో ఎవరైనా ఇలా బయలుదేరితే అధ్యయన కేంద్రం నుంచి ఉత్తరం తప్పకుండా తీసుకోండి. అందులో సభ్యత్వం అని రాయించకండి, "అక్కడే కూర్చుని చూడటానికి" అని స్పష్టంగా రాయించండి. కావలసిన పుస్తకాల పేర్లు, సంవత్సరాలు వేరే కాగితం మీద రాసుకోండి. డబ్బు కట్టే ముందు ఏ గదికి అనుమతి ఉందో అడగండి, రసీదు మీదే రాయించుకోండి. రెండో శనివారం వెళ్ళకండి. పెద్ద భవనం చూసి మొదట అక్కడికి పరుగెత్తవద్దు, పాత ఊరి పాత గ్రంథాలయం తలుపు ముందు తట్టండి.

ఐదు రోజులకు ఇద్దరికీ అయిన ఖర్చు నాలుగు వేల ఆరు వందల ముప్పై. భాషల పట్టికలో ఇంకా పద్నాలుగు పుటలు మిగిలాయి. మార్చిలో పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక మళ్ళీ వెళ్ళాలి. ఈలోపు కళ్ళజోడు మార్పించుకుంటానని నాన్న రైల్లోనే చెప్పారు.