లెఫ్ట్ ఫీల్డ్‌లో ఇద్దరు: బేస్‌బాల్ సిమ్యులేషన్ నాలుగో సీజన్‌లో

పాత బేస్‌బాల్ సీజన్ల నిజమైన ఆటగాళ్లను డ్రాఫ్ట్ చేసుకుని, అంటే ఎంచుకుని, కంప్యూటర్ చేత 162 మ్యాచ్‌లు ఆడించే ఈ లీగ్‌లో నాకిది నాలుగో సీజన్. శాలరీ క్యాప్ (జట్టు ఖర్చు మీద పరిమితి), డ్రాఫ్ట్, రోజుకు మూడు మ్యాచ్‌లు, ఇవన్నీ ఆడేవాళ్లకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది ఒక్క ఫీచర్ గురించే. అవతలి పిచర్ (బంతి విసిరేవాడు) రైట్ హ్యాండర్ అయితే ఒక లైనప్ (బ్యాటింగ్‌కు దిగేవాళ్ల వరస), లెఫ్ట్ హ్యాండర్ అయితే ఇంకో లైనప్ పెట్టుకోవచ్చు. ఇంతకాలం ఈ గేమ్ వదలకుండా ఆడుతున్నానంటే దీనికోసమే.

లెఫ్ట్ హ్యాండ్ బ్యాటర్‌కు లెఫ్ట్ హ్యాండ్ పిచర్ అంటే చిక్కే. బంతి తన వీపు వెనక నుంచి వస్తున్నట్టు ఉంటుంది, బ్రేకింగ్ బాల్ (దారి మళ్లే బంతి) అయితే బ్యాట్‌కు అందకుండా దూరంగా జారిపోతుంది. అదే రైట్ హ్యాండర్ వేస్తే బంతి మొదటి నుంచీ కంటికి ఆనుతుంది, లోపలికి తిరుగుతుంది. అందుకే ఒకే పొజిషన్‌కు ఒక లెఫ్టీని, ఒక రైటీని పెట్టుకుని, ఎదురుగా ఎవరున్నారో చూసి దింపడం. దీన్నే ప్లాటూన్ అంటారు. క్యాప్ ఉన్న లీగ్‌లో ఇలాంటి ఇద్దరు కలిసినా ఒక పెద్ద స్టార్ కంటే తక్కువకే వస్తారు.

మొదటి సీజన్‌లో నాకు ఇవేవీ తెలియవు. పేర్లు చూసి కొన్నాను. 1982 రికీ హెండర్సన్‌ను లీడాఫ్‌లో, అంటే లైనప్‌లో మొదట పెట్టి, 130 బేస్‌లు దొంగిలించినవాడు (పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కు పరుగెత్తినవాడు) కదా, ఇక తిరుగులేదనుకున్నాను. ఆ 130తో పాటు అతను 42 సార్లు దొరికిపోయి అవుటయ్యాడన్నది ఆడించాక గానీ బుర్రకెక్కలేదు. రెండో సీజన్‌లో అదే చోట 1988 వేడ్ బాగ్స్‌ను పెట్టాను. కొట్టింది ఐదే హోమ్ రన్‌లు (సిక్సర్ లాంటివి), కానీ ఆన్ బేస్ (బ్యాటింగ్‌కొచ్చినప్పుడు అవుటవకుండా బేస్ చేరే రేటు) .476. హెండర్సన్‌ది ఆ ఏడాది .398. నూరుసార్లు బ్యాటింగ్‌కొస్తే దాదాపు ఎనిమిది సార్లు ఎక్కువగా బేస్ మీద ఉండే మనిషి లీడాఫ్‌లో ఉంటే వెనకున్నవాళ్ల పని ఎంత తేలికవుతుందో కళ్లారా చూశాను.

అదే సీజన్‌లో అసలు ఆనందం మాత్రం లెఫ్ట్ ఫీల్డ్‌లో (బ్యాటింగ్ చేసే చోటి నుంచి చూస్తే ఎడమవైపు దూరంగా నిలబడే పొజిషన్) దొరికింది. 1982 బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు నుంచి జాన్ లోవెన్‌స్టీన్, గ్యారీ రెనికీ ఇద్దరినీ తీసుకున్నాను. లోవెన్‌స్టీన్ లెఫ్టీ: 322 ఎట్ బ్యాట్‌లు (లెక్కకొచ్చే బ్యాటింగ్ అవకాశాలు), .320 యావరేజ్ (వాటిలో హిట్ల వాటా), 24 హోమ్ రన్‌లు. రెనికీ రైటీ: 393 ఎట్ బ్యాట్‌లు, 21 హోమ్ రన్‌లు. రెనికీ వేరే పొజిషన్లలో ఆడినవీ కలిపితే ఇద్దరివీ 45. ఆ ఏడాది మేజర్ లీగ్స్‌లో (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) అందరికంటే ఎక్కువ కొట్టిన రెజీ జాక్సన్, గోర్మన్ థామస్‌లవి చెరో 39. వీళ్లను నడిపిన మేనేజర్ ఎర్ల్ వీవర్, ఏ బ్యాటర్ ఏ పిచర్ మీద ఎలా ఆడాడో కార్డుల మీద రాయించి దగ్గర పెట్టుకునేవాడు. ఆయన చేసిన పని నా లైనప్‌లో నేను చేసి, అది పనిచేయడం చూస్తుంటే కలిగే తృప్తి నాకు ఇంకే గేమ్‌లోనూ దొరకలేదు. పొద్దున్న లేవగానే ఫలితం కంటే ముందు ఆ రోజు లెఫ్ట్ ఫీల్డ్‌లో ఎవరున్నారు, ఏం కొట్టారు అని చూసేవాణ్ని.

128 మ్యాచ్‌లు అయ్యేసరికి డివిజన్‌లో ఐదు గేమ్‌ల ఆధిక్యం. మర్నాడు బాక్స్ స్కోర్ (మ్యాచ్ వివరాల పట్టిక) తెరిస్తే 7-2తో ఓటమి, లెఫ్ట్ ఫీల్డ్‌లో నేనెప్పుడూ దింపని బెంచ్ ఆటగాడి పేరు. లోవెన్‌స్టీన్‌కు గాయమైందేమో అనుకున్నాను. అతని పేజీ తెరిచాను. యూసేజ్ అన్న చోట 322/322, ఎర్రటి అక్షరాల్లో. ఆ రెండు అంకెల వంకే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మా లీగ్ రూల్ ప్రకారం ఆటగాడు నిజజీవితంలో ఆ ఏడాది ఎన్ని ఎట్ బ్యాట్‌లు ఆడాడో ఇక్కడ అంతకు మించి ఆడకూడదు. అయిపోతే సీజన్ ముగిసేదాకా బెంచ్ దిగడు. 128 మ్యాచ్‌ల తర్వాత అతను లేకుండా ఆడాల్సినవి 34. రైట్ హ్యాండర్ల లైనప్‌లో లోవెన్‌స్టీన్ బదులు ఎవరన్నది నేను రాయలేదు కాబట్టి కంప్యూటర్ బెంచ్‌లో మొదట ఉన్నవాణ్ని తీసి పెట్టేసింది.

రెనికీని రోజూ దింపాను. రైట్ హ్యాండర్ల మీద అతను లోవెన్‌స్టీన్ కాదు కదా. ఐదు గేమ్‌ల ఆధిక్యం వారం వారం కరిగింది. చివరికి ఒక్క గేమ్ తేడాతో రెండో స్థానం. 1982లో ఓరియోల్స్ కూడా ఆఖరి రోజున మిల్వాకీ బ్రూవర్స్ చేతిలో ఓడి, సరిగ్గా ఒక్క గేమ్ వెనకబడి ఆగిపోయారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు, కానీ ఆ రాత్రి తగిలినట్టు ఎప్పుడూ తగల్లేదు.

నా కోపం ఓడినందుకు కాదు. 322 దగ్గర పడుతోందని ఆటో మేనేజర్ (మన తరఫున మ్యాచ్ నడిపే కంప్యూటర్) ఒక్క హెచ్చరిక ఇవ్వలేదు. ఆ లెక్క ఆటగాడి పేజీలో అడుగున ఉంటుంది, పనిగట్టుకుని వెళ్లి చూస్తే తప్ప తెలియదు. రోజుకు మూడు మ్యాచ్‌లు నడిచే లీగ్‌లో 25 మంది పేజీలు రోజూ తెరిచే ఓపిక ఎవరికుంటుంది?

నా గోడు విన్న మా లీగ్ సీనియర్ ఒకాయన ఒకే ప్రశ్న అడిగారు. "తమ్ముడూ, ఆ 322లో లెఫ్టీ రిలీవర్ల మీద ఎన్ని పోయాయో చూశావా?" చూడలేదన్నాను. రిలీవర్ అంటే మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ (స్టార్టర్) బదులు మధ్యలో వచ్చేవాడు. ఆ రాత్రి కూర్చుని లెక్క తీశాను. 64. వాటిలో హిట్లు తొమ్మిది. స్టార్టర్ రైట్ హ్యాండర్ అని లోవెన్‌స్టీన్‌ను దింపుతున్నాను, ఏడో ఇన్నింగ్స్‌లో (మొత్తం తొమ్మిది) అవతలివాళ్లు లెఫ్టీ రిలీవర్‌ను తెచ్చినా కంప్యూటర్ అతన్నే ఉంచేస్తోంది. ఆ 64 మిగిలి ఉంటే అతను ఇంకో ఇరవై మ్యాచ్‌లు మొదలుపెట్టేవాడు.

ఏడో ఇన్నింగ్స్ తర్వాత లెఫ్టీ వస్తే ఫలానావాణ్ని పించ్ హిట్టర్‌గా (ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కు) పంపు అనే సెట్టింగ్ గేమ్‌లో ముందు నుంచీ ఉంది. నేనే ఎన్నడూ తెరవలేదు. మూడో సీజన్‌లో అక్కడ రెనికీ పేరు పెట్టాను. లోవెన్‌స్టీన్‌ను మూడో స్థానం నుంచి ఆరుకు దించాను. లైనప్‌లో ఒక్కో మెట్టు దిగితే 162 మ్యాచ్‌లకు సుమారు 18 సార్లు బ్యాటింగ్ తగ్గుతుంది. బ్యాటింగ్ ఆర్డర్ అంటే రన్‌ల కోసమే అనుకునేవాణ్ని. రన్‌ల పరంగా ఆర్డర్ మార్పుతో వచ్చే తేడా, ఎంత బుర్ర పెట్టినా, సీజన్‌కు ఒకటి రెండు గెలుపులే. మా లీగ్‌లో మాత్రం పరిమితంగా ఉన్న ఎట్ బ్యాట్‌లను పొదుపు చేసేదీ ఆర్డరే. ఆ సీజన్‌లో లోవెన్‌స్టీన్ ఆఖరి వారం దాకా ఆడాడు, డివిజన్ గెలిచాం. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే వెనక్కి వచ్చాం, అది వేరే సంగతి.

కాబట్టి పైన ఈ ఫీచర్‌ను అంతగా మెచ్చుకున్నాను గానీ, రెండు లైనప్‌లు పెట్టేసి నిశ్చింతగా ఉండొచ్చని మాత్రం అనను. పించ్ హిట్టర్ సెట్టింగ్, బెంచ్ వరస, యూసేజ్ లెక్క, ఈ మూడూ చూసుకోకపోతే ప్లాటూన్ సగం పనే చేస్తుంది. నాకు రాత్రి పూట గంట తీరిక ఉంటుంది, అంకెలతో కూర్చోవడం ఇష్టం, పైగా దారి చూపే సీనియర్ దొరికారు. వారానికోసారి మాత్రమే తెరిచేవాళ్లయితే 600 ఎట్ బ్యాట్‌లు ఉన్న ఫుల్ టైమ్ ఆటగాణ్ని కొనుక్కోవడమే మేలేమో. కాస్త ఖరీదైనా టెన్షన్ ఉండదు.

ఇప్పటికి 101 మ్యాచ్‌లు అయ్యాయి. లోవెన్‌స్టీన్‌కు ఇంకా 122 ఎట్ బ్యాట్‌లు ఉన్నాయి, 61 మ్యాచ్‌లకు బొటాబొటిగా సరిపోతాయి. రేపటి మూడు మ్యాచ్‌లలో రెండింటికి లెఫ్టీ స్టార్టర్లు. ఆరో స్థానంలో రెనికీ పేరు ఉందో లేదో ఇప్పుడే ఇంకోసారి చూసి వచ్చాను.