చెన్‌జియాగౌ: తైచీ గురువు తిరిగొచ్చిన ఊరు

చైనా హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ, నెమ్మది కదలికల యుద్ధవిద్య తైచీకి పేరుపడ్డ పల్లెటూరు. అక్కడికి వెళ్లాలంటే జెంగ్‌జౌ నగరంలో దిగాలి. ఊరికి దగ్గర్లోని జియావ్‌జువో నగరం దాకా హైస్పీడ్ రైలుంది కానీ, అక్కణ్ణుంచి మళ్లీ టాక్సీ బేరాలు. సామానుంటే జెంగ్‌జౌ నుంచి నేరుగా కారే నయం. హొయాంగ్‌హో నది దాటాక దారంతా గోధుమ చేలే.

17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ తైచీని ఇక్కడే మొదలుపెట్టాడని చెన్ వంశం వాళ్లు చెబుతారు. 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది, ఇక టూరిజం హంగులకు కొదవేముంది! మ్యూజియానికి గంట చాలు. యాంగ్ లూచాన్ విద్య నేర్చుకున్న ఇల్లు మాత్రం తీరిగ్గా చూడండి. బయటి ఊరివాడైన ఆయనకు చెన్ వంశపు గురువు చెన్ చాంగ్‌షింగ్ నేర్పబట్టే తైచీ ఊరు దాటి బీజింగ్ చేరింది.

నేను వెళ్లింది ఇదే ఊరి తైచీ గురువు, చెన్ జావోపీ కథ కోసం. ఆయన 1928లో బీజింగ్‌లో నేర్పడం మొదలుపెట్టాడు, తర్వాత నాన్‌జింగ్ వెళ్లాడు. 1958లో రిటైరై వచ్చేసరికి సొంతూళ్లో నేర్పేవాళ్లు దాదాపు లేరు. 65 ఏళ్ల వయసులో తన ఇంట్లోనే కుర్రాళ్లకు పాఠాలు మొదలుపెట్టాడు. మావో కాలపు సాంస్కృతిక విప్లవంలో నానా అవమానాలూ పడ్డాడు, 1972లో పోయాడు. ఆయన శిష్యులు చెన్ షియావోవాంగ్, చెన్ జెంగ్‌లేయ్ లాంటివాళ్లే తర్వాత దేశదేశాలు తిరిగి నేర్పారు. అంత పెద్ద మ్యూజియంలో జావోపీ కథ దగ్గర ఆగేవాళ్లు తక్కువ, నాకది నచ్చలేదు.

బసకు ఈ ఊరుండే వెన్ కౌంటీ టౌన్‌లో హోటళ్లున్నాయి, సుఖం అక్కడే. నేర్చుకోవాలంటే మాత్రం ఊళ్లోని తైచీ బడి డార్మిటరీలోనే ఉండాలి. మంచం చెక్కబల్లే, పైగా తెల్లారకుండానే లేపేస్తారు. మా గురువు రెండు వేళ్లతో నా మోకాలు సరిచేసి, భుజం కిందికి నొక్కి, అలాగే ఉండమని సైగ చేశాడు. పది శ్వాసలకే తొడలు వణికాయి. పక్కనే పదేళ్ల పిల్లలు అదే భంగిమలో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు!

తిండి దగ్గరే శాకాహారులకు టెన్షన్. మాంసం వద్దంటే ఒక హోటల్లో ముక్కలు ఏరేసి అదే పులుసు పోశారు. ఆవిరిమీద ఉడికించిన గోధుమ బన్నులు, ఇక్కడ పేరుపడ్డ సన్నటి పెండలం దుంప బాగుంటాయి. కందిపొడి తీసుకెళ్లండి. డబ్బులన్నీ అలీపే, వీచాట్ ఫోన్ యాప్‌ల్లోనే, కాబట్టి అలీపేకి ముందే కార్డు లింక్ చేసుకోండి.

చేతిలో ఒక్క రోజే ఉంటే నది అవతల డెంగ్‌ఫెంగ్‌లోని కుంగ్‌ఫూ మఠం షావోలిన్‌కి వెళ్లండి, ప్రదర్శనలు అక్కడే బాగుంటాయి. ఇక్కడికైతే వారమైనా పెట్టుకుని, చలికాలం తప్పించి రండి. డార్మిటరీలో వేడినీళ్లు సాయంత్రం కాసేపే వస్తాయి.