ఇంజిన్ మార్చిన పాత జీపుకు ప్రెషర్ టెస్టర్: మూడేళ్లు వాడాక

నా జీపు 1991 మోడల్ మహీంద్రా ఎంఎం 540. దాంతో పాటు వచ్చింది 2112 సీసీ ప్యుజో డీజిల్ ఇంజిన్. నా చేతికి వచ్చేసరికే దాన్ని దించేసి, బొలెరోలో వచ్చే 2523 సీసీ డీఐ ఇంజిన్ ఎక్కించారు. ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు రాయించి ఉండడంతో ధైర్యం చేసి కొన్నాను. కడప నుంచి వేంపల్లె మీదుగా పాలకొండల అంచున ఉన్న మా చీనీ (బత్తాయి) తోటకు వారానికి రెండు మూడు సార్లు పోయి వస్తుంది. చివరి నాలుగు కిలోమీటర్లు వంక (వాగు) దారి. వానాకాలంలో ఫోర్ వీల్ లేకపోతే దాటలేం.

బండి లాగుడులో ఏ లోటూ లేదు. ఉన్న బాధల్లా రేడియేటర్‌లో నీళ్లు నిలవకపోవడమే. తోటకు పోయి వస్తే లీటరు, లీటరున్నర తగ్గిపోయేవి. నిలబెట్టిన చోట మాత్రం నేల మీద చుక్క కనిపించేది కాదు. ఒక మెకానిక్ వాటర్ పంపు మార్చాడు. ఇంకొకరు పైపులు మార్చారు. మూడో ఆయన గుప్పెడు పసుపు కలిపి పోశాడు. పసుపు సన్న చిల్లులను మూస్తుందన్న మాట నిజమే. కానీ రేడియేటర్ లోపలి సన్న గొట్టాలనూ అలాగే మూస్తుంది. నెల తిరక్కుండానే, మే ఎండలో గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. బండిలో మా అమ్మ ఉంది. గంటన్నర రోడ్డు పక్కన కూర్చున్నాం. ఆ టెన్షన్ మళ్లీ వద్దనుకుని, తోచిన సామానల్లా మార్చడం ఆపి, రేడియేటర్‌లోకి గాలి కొట్టి లీకులు పట్టే కూలింగ్ ప్రెషర్ టెస్టర్ కొన్నాను.

పెద్ద యంత్రమేమీ కాదు. చేత్తో కొట్టే చిన్న గాలిపంపు, దానికో గేజ్, రేడియేటర్ నోటికి బిగించడానికి రకరకాల మూతలు, అంతే. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే వాడాలి. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖానికి ఎగజిమ్ముతాయి. రేడియేటర్ నిండా నీళ్లు పోసి, టెస్టర్ బిగించి, అసలు మూత మీద ఎంత రాసి ఉందో అంతవరకే గాలి కొట్టాలి. నా మూత మీద 0.9 (బార్) అని ఉంది, అంటే చదరపు అంగుళానికి సుమారు 13 పౌండ్లు. ఈ ఒత్తిడి నిలిచి ఉంటే ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. ఎక్కడో సన్నగా కారి ఒత్తిడి పోతే మాత్రం నూరు దగ్గరే మరుగుతాయి. గొట్టాలు మూసుకుపోవడానికి తోడు, ఘాట్‌లో నాకు జరిగింది అదే.

మొదటిసారి గాలి కొట్టిన ఐదు నిమిషాలకే ముల్లు సగానికి పడిపోయింది. టార్చ్ పట్టుకుని చూస్తే, పై పైపు తొడిగే రేడియేటర్ మెడ దగ్గర వెంట్రుకంత చీలిక. బండి నడిచేటప్పుడు కారిన నీళ్లను ఫ్యాన్ గాలి ఇంజిన్ మీదికి చిమ్ముతుంది, అవి అక్కడే ఆవిరైపోతాయి. నేల మీద చుక్క పడకపోవడానికి కారణం ఇదన్నమాట. టంకం పెట్టించాను. నాలుగు నెలలకు మళ్లీ అక్కడే పగిలింది. రెండోసారి పోయినప్పుడు రేడియేటర్ మేస్త్రి బండి దగ్గరికే వచ్చి ఇంజిన్ రేజ్ చేయించి చూశాడు.

"టంకం తప్పేం లేదు నాయనా. ఇంజిన్ ఊగినప్పుడల్లా పైపు దీన్ని పట్టి లాగుతాంది."

ఇంజిన్ మార్చిన బండి ఉన్నవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఇక్కడే. కొత్త ఇంజిన్‌కు ఛాసిస్ మీద వెల్డింగ్ చేసిన మౌంటింగుల్లో రబ్బర్లు మెత్తబడిపోయాయి. పై పైపేమో పొట్టిది, బిగుసుకుని ఉంది. వంకలో రాళ్ల మీద ఎక్కి దిగినప్పుడల్లా ఆ ఊపంతా ఇత్తడి మెడ మీద పడేది. మౌంటింగ్ రబ్బర్లు మార్చాను. ఇనుప తీగను కావలసిన వంపులో వంచి, స్పేర్ల షాపుకు తీసుకెళ్లి, ఆ వంపుకు సరిపడే పైపు వెతుక్కున్నాను. ఆ మెడ మళ్లీ పగల్లేదు.

కింది పైపుది వేరే కథ. ఇంజిన్ వైపు ఒక సైజు, రేడియేటర్ వైపు ఇంకో సైజు. మధ్యలో నున్నటి ఇనుప గొట్టం ముక్క పెట్టి, పైపు జారకుండా క్లిప్పులను రబ్బరు తెగేంతగా బిగించారు. లేత్ షాపులో రెండు కొసలా ఉబ్బెత్తు అంచు ఉన్న గొట్టం చేయించాక క్లిప్పు మామూలుగా బిగించినా సరిపోతోంది.

డిసెంబరులో ఇంకొకటి తెలిసింది. కొన్ని చోట్ల ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కారి, వేడెక్కితే ఆగిపోతుంది. కొన్ని చోట్ల దీనికి రివర్సు. అందుకే తెల్లవారుజామున ఒకసారి గాలి కొట్టి చూస్తాను. తర్వాత టెస్టర్ తీయకుండానే ఇంజిన్ స్టార్ట్ చేసి గేజ్ చూస్తాను. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసీ చేయగానే ముల్లు అదురుతూ గబగబా పైకి పోతే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పై హెడ్‌కూ మధ్య ఉండే సీలు) మీద అనుమానపడాలి. వెంటనే ఇంజిన్ ఆపి, గాలి వదిలేయాలి. నా బండిలో ఆ లక్షణం కనిపించలేదు. ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

రిపేరు చేయించాక మొదటి రెండు రోజులు నీళ్లు తగ్గితే కంగారుపడొద్దు. నా జీపులో థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసేది) ఉండే చోటు రేడియేటర్ నోటికంటే ఎత్తులో ఉంది. గాలి అక్కడ చిక్కుకుని, మెల్లగా బయటికి వచ్చేకొద్దీ నీటిమట్టం దిగుతుంది. ముందు చక్రాలను ఎత్తు మీదికి ఎక్కించి నీళ్లు పోస్తే ఈ బాధ చాలావరకు తగ్గింది. బోరు నీళ్లు పోయడం కూడా మానేశాను. మాది నాపరాళ్ల నేల, నీళ్లలో సున్నం ఎక్కువ. పాత రేడియేటర్ విప్పినప్పుడు గొట్టాల్లో తెల్లగా గట్టిపడిన పొర చూశాను. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోస్తున్నాను.

టెస్టర్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. పెట్టెలో వచ్చిన మూతల్లో ఒకటి మాత్రమే పాత జీపు నోటికి పట్టింది, అదీ రబ్బరు వాషర్ అదనంగా వేస్తేనే. రెండో ఏడు దాని పైపు జాయింటులోని రబ్బరు రింగే అరిగి గాలి వదిలేసింది. బండిలోనే లీకు ఉందనుకుని పూటంతా వెతికాను. ఇప్పుడు ముందుగా సబ్బునీళ్లు టెస్టర్ జాయింట్లకు పూసి, బుడగలు రాలేదని చూసుకున్నాకే మిగతావి చూస్తాను. కొనేవాళ్లు రేడియేటర్ మూతను వెంట తీసుకెళ్లి, టెస్టర్‌తో వచ్చే ఏ మూత దాని నోటికి పడుతుందో షాపులోనే చూసుకోండి. ఆ రబ్బరు రింగులు రెండు అదనంగా తెచ్చుకోండి.