సైదాపురం నుంచి మార్కాపురం దాకా: మూడు రోజులు, ఒక సంచి రాళ్లు

కొత్తింటి వంటగట్టుకి రాయి కొనడానికి పోతే షాపతను నల్ల పలక మీద నీళ్లు చల్లి, "గెలాక్సీ గ్రానైట్ సార్, మన చీమకుర్తిదే, ఫారిన్‌కి పోయే సరుకు" అన్నాడు. తడి మీద బంగారు చుక్కలు తళుక్కుమనేసరికి నేను పడిపోయాను. పక్కనున్న మా బావమరిది మాత్రం "అది గ్రానైటే కాదు బావా" అని గొణిగాడు. వాడు డిగ్రీలో జియాలజీ చదివి ఇప్పుడు బ్యాంకులో చేస్తున్నాడు, ఆ చదువు బయటపెట్టే సందు దొరక్క అల్లాడుతుంటాడు. ఆ గొణుగుడే ముదిరి ముదిరి సంక్రాంతి వెళ్లిన రెండో వారం రాళ్లు చూడ్డానికి ఇద్దరం నెల్లూరులో కారెక్కేదాకా వచ్చింది.

సామాను పెద్దగా ఏం లేదు. ఒక ఇనుప మేకు, పాత స్పీకర్‌లోంచి పీకిన అయస్కాంతం, గాజు ముక్క, పగిలిన టైల్ (పాలిష్ లేని వెనకవైపు కావాలి), నాలుగు నిమ్మకాయలు, ఒక లెన్స్. రాయిని గుర్తుపట్టడానికి రంగు చివర చూడాలి, ముందు ఇవి వాడాలి అని మావాడి సిద్ధాంతం.

పొదలకూరు మీదుగా సైదాపురం వైపు పోయాం. గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టుపక్కలంతా మైకా నేల. జిల్లాల గీతలు ఎటు మారినా ప్రపంచానికి ఇది నెల్లూరు మైకానే. రోడ్డు పక్కన పాత గని దిబ్బల మీద ఎండ పడితే నేలంతా జరీ పోసినట్టు ఉంటుంది. మన పెద్దవాళ్లు కాకిబంగారం అని పేరు ఊరికే పెట్టలేదు. అరచేతంత ముక్క ఒకటి దొరికింది. మూసిన పుస్తకంలా ఉంది, గని పనివాళ్లు కూడా దాన్ని బుక్ అనే అంటారు. అంచులో బొటనవేలి గోరు దూర్చి లాగితే ఒక పొర లేచి వచ్చింది, దాన్ని మళ్లీ చీలిస్తే ఇంకోటి, చివరికి ఉల్లిపొర కంటే పల్చగా, లేత ఆకుపచ్చ నీడతో, అవతల నా వేలి గీతలు కనపడేంత వచ్చింది. వంచి వదిలితే టప్పున మళ్లీ నిటారైంది. చిన్నప్పుడు మా నాన్న పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల కాయిల్ చుట్టింది ఇలాంటి రేకు మీదే. వేడికి తట్టుకుంటుంది, కరెంటు పారనివ్వదు.

అసలు తలనొప్పి తెల్లరాళ్లతో. ఒకే దిబ్బలో పలుగురాయి (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్ అనే ఇంకో ఖనిజం కలిసి పడి ఉంటాయి, రెండూ తెల్లగానే. నేను తెలివిగా గాజు మీద గీశాను, రెండూ గీత పెట్టాయి! మావాడు పడీపడీ నవ్వాడు. 1812లో మోస్ అనే ఆయన ఖనిజాల గట్టిదనానికి 1 నుంచి 10 దాకా ఒక వరస పెట్టాడు, అందులో టాల్కు 1, వజ్రం 10. ఫెల్డ్‌స్పార్ 6, పలుగురాయి 7, గాజేమో ఐదున్నర దగ్గర, కాబట్టి గాజుతో వీటిని విడదీయలేం. విరిగిన చోట చూడాలి. పలుగురాయి సీసా పెంకులా ఒంపులు తిరిగి పగులుతుంది. ఫెల్డ్‌స్పార్ మెట్లుమెట్లుగా, చదునుగా విరుగుతుంది, చేతిలో తిప్పుతుంటే ఆ చదును ఒక్కసారి అద్దంలా వెలిగి ఆరిపోతుంది. ఈ ఒక్కటి తెలిశాక పది నిమిషాల్లో ఒక బుట్టెడు రాళ్లు వేరు చేశాను, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినంత సులువుగా.

ఒక గని గేటు దగ్గర కాపలా అతను "ఏంది నా, ఫొటోలు తీస్తన్నారు?" అని ఆపాడు. తెల్లరాయికి గిరాకీ పెరిగాక కాపలాలూ పెరిగాయి. లీజు భూమిలో రాయి ముట్టుకోకండి, బయట దిబ్బల దగ్గరైనా ఒక మాట అడగండి. ఇక్కడ నీడ లేదు, ఆడవాళ్లతో పోతే బాత్రూమ్ సంగతి పొదలకూరులోనే చూసుకోవాలి. ఈ తిప్పలున్నా, రాళ్లు నేర్చుకోవాలనుకునేవాళ్లకి మూడు రోజుల్లో నేను ఎక్కువ మార్కులు వేసేది ఈ చోటుకే.

రాత్రికి పెంచలకోన. గుడి గదుల్లో దిగాం. మంచం, ఫ్యాను, బక్కెట్టు, అంతే, కానీ శుభ్రంగా ఉన్నాయి, మామూలు రోజు కాబట్టి అడగ్గానే ఇచ్చారు. శనివారం అయితే ఆశ పెట్టుకోకండి. కిటికీ మూసే పడుకోవాలి, కోతులు మావాడి బ్రెడ్డు ప్యాకెట్ ఎత్తుకుపోయాయి. స్వామి పేరే పెనుశిల నరసింహుడు, రాళ్ల యాత్రకి ఇంతకంటే మంచి మజిలీ ఏముంటుంది! పొద్దున్నే కొండ వాగులో దొరికిన రాళ్లు ఇసుకరాళ్లనుకున్నాను. అరచేత్తో రుద్దితే ఒక్క రేణువూ రాలలేదు. అది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుకరాయే వేడికీ ఒత్తిడికీ రేణువులన్నీ ఒకటిగా అతుక్కుపోయి గట్టిపడింది. పగిలితే రేణువుల చుట్టూ కాకుండా రేణువుల్ని చీల్చుకుంటూ పగులుతుంది.

రెండో రోజు సగం హైవేకే పోయింది. సాయంత్రం ఒంగోలు దగ్గర కొణిజేడు కొండ కింద నా స్పీకర్ అయస్కాంతానికి పని పడింది. పిడికిలంత నల్లరాయి ఎత్తితే బరువుకి చెయ్యి కిందికి జారింది, అయస్కాంతం పెడితే ఠక్కున కరుచుకుంది. మాగ్నెటైట్, ఇనుప ఖనిజం. టైల్ వెనక గీస్తే నల్ల గీత. పక్కనే ఉన్న ఇంకో ముదురు రాయి గీస్తే కుంకుమలో ఇటికపొడి కలిపినట్టు ఎర్రగీత, అది హెమటైట్, ఇదీ ఇనుప ఖనిజమే. పైకి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ఒంగోల్లో బస్టాండు దగ్గర దిగిన లాడ్జి గురించి తక్కువ చెప్పుకుంటేనే మంచిది. ఏసీ నీళ్లు సరిగ్గా దిండు మీద పడ్డాయి, వేడినీళ్లు ఆరింటికన్నారు, ఎనిమిదైనా రాలేదు, బిల్లులో మాత్రం రెండిటికీ వేశారు. అడిగితే మేనేజరు నిద్రపోతున్నాడన్నారు. బండి మీద తిన్న ఇడ్లీ, అల్లం పచ్చడి ఆ రాత్రి కోపాన్ని కొంచెం చల్లార్చాయి.

మూడో రోజు చీమకుర్తి. రామతీర్థం వైపు రోడ్డు పక్కన కొండల్లా కనిపించేవి కొండలు కావు, పనికిరాక పారేసిన రాళ్ల గుట్టలు. క్వారీల్లోకి ఊరికే రానివ్వరు. తెలిసినాయన ద్వారా ఒక చోట అంచు దాకా పోయి చూశాం. గుంటలో లారీలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి, వజ్రపు పూసలు గుచ్చిన తీగ నీళ్లు చిమ్ముకుంటూ రాతిని పెరుగులా కోస్తోంది. చూడ్డానికి బ్రహ్మాండం, దుమ్ము భయంకరం, మాస్కు లేకుండా పోకండి. చూసి ఆశ్చర్యపోవడానికి తప్ప చేత్తో నేర్చుకోవడానికి ఇది చోటు కాదు.

అక్కడే మా పాత పంచాయితీ తేలింది. పాలిష్ చేయని ముక్క లెన్స్ కింద పెట్టి "ఇందులో పలుగురాయి చూపించు బావా" అన్నాడు. సైదాపురంలో అంత నేర్చుకున్నా, ఎంత వెతికినా దొరకలేదు. గ్రానైట్ అంటే పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ ఉండి తీరాలి, మైకా కూడా తరచుగా ఉంటుంది. ఇది ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ అనే ముదురు ఖనిజం ఉన్న గాబ్రో జాతి రాయి, నోరైట్ అని కూడా అంటారు. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, పైరాక్సీన్‌లోనే ఒక రకం, వెలుతురుకి కంచులా మెరుస్తుంది. గ్రానైట్ లాగే ఇదీ భూమి లోపల శిలాద్రవం నిదానంగా చల్లారి పుట్టినదే, కానీ వంట వేరు. వ్యాపారంలో మాత్రం పాలిష్ పట్టే గట్టి రాయి ఏదైనా గ్రానైటే.

పొదిలి మీదుగా మార్కాపురం చేరేసరికి మధ్యాహ్నం. మనం అఆలు దిద్దిన పలకలు ఇక్కడివే. ఒక షెడ్డు ముందు ఆగి అడిగితే, ఓ పెద్దాయన పనాపకుండానే "కూసోండయ్యా" అన్నాడు. రాతి అంచున ఉలి ఆనించి చిన్నగా తట్టాడు, ఇంకొంచెం పక్కన తట్టాడు, అప్పడాల కట్ట విడినట్టు రాయి రెండైంది. ఒక పలక నా చేతికిచ్చి వేలితో కొట్టమన్నాడు, ఖంగుమంది. పగులు ఉంటే బొంగురుగా మోగుతుందట. ఒకప్పటి బురద షేల్‌గా గట్టిపడి, ఆ షేల్ ఒత్తిడికి నలిగి రూపం మారితే ఈ పలకరాయి. డబ్బులిస్తానంటే తీసుకోలేదు, మజ్జిగ తాగి పొమ్మన్నాడు. ఊరు చిన్నదే అయినా భోజనం, పలకరింపు రెండూ ఒంగోలు కంటే నయం.

కనిగిరి మీదుగా అర్ధరాత్రికి ఇల్లు చేరాం. పొద్దున్నే వంటగట్టు కింద కనపడని చోట మేకుతో గీశాను, గీత పడలేదు. ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో పూజగది గట్టు మీదా గీశాను, అది అదే షాపులో "వైట్ గ్రానైట్" అని అమ్మింది. సర్రున గీత పడి తెల్లపొడి లేచింది. దాని మీద నిమ్మరసం పిండితే సన్నగా బుసబుసమని నురగ. పాలరాయి! బావమరిదికి ఫోన్ చేస్తుంటే వెనక నుంచి మా ఆవిడ గీత చూసింది. ఇప్పుడు దాని మీద దేవుడి పటం ఒకటి అడ్డంగా పెట్టి ఉంది, మేకు ఎక్కడుందో నాకు చెప్పట్లేదు.