రెండు కెమెరాలతో బెజవాడ, గుంటూరు

పుష్య మాసంలో పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి పనుండదు. ముహూర్తాలు మళ్లీ మాఘంలోనే. ఆ ఖాళీలో కెమెరాలు సర్వీసింగ్‌కిస్తాం, పాత ఆల్బమ్ బాకీల కోసం తిరుగుతాం, కొత్త కెమెరా కొనాలని కలలు కంటాం. 2025 సంక్రాంతి వెళ్లిన వారం నేను ఆ మూడో పని మీదే ఒంగోల్లో బెజవాడ రైలెక్కాను.

నా చేతిలో ఉన్నది నికాన్ డీ750. ఒకసారి షట్టర్ కూడా మార్పించాను. ఇక మిర్రర్‌లెస్‌కి, అంటే లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాకి, మారక తప్పదు. మనసంతా రెండిటి మీదే ఉంది: నికాన్ జెడ్8, కెనాన్ ఆర్5 మార్క్ 2. మొదటిది 2023 మేలో వచ్చింది, రెండోది 2024 జులైలో ప్రకటించారు. రెండూ ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సర్), రెండిట్లోనూ బొమ్మని వేగంగా చదివే స్టాక్డ్ సెన్సరే. ఒకటి 45.7 మెగాపిక్సెల్, ఇంకోటి 45. కాగితం మీద చూస్తే కవలలు. ధర దగ్గర మాత్రం కాదు. ఇక్కడ విడుదలైనప్పుడు జెడ్8 బాడీ మూడున్నర లక్షల లోపు, ఆర్5 మార్క్ 2 నాలుగు లక్షల పైన. లెన్సు మళ్లీ వేరే. యూట్యూబ్ రివ్యూలు చూసి అంత డబ్బు పెట్టే ధైర్యం నాకు లేదు.

కెనాన్ మా గుంటూరు బావ దగ్గరుంది. అక్క మొగుడు, ఆయనదీ ఇదే వృత్తి. నికాన్ మాత్రం బెజవాడలో ఒక షాపులో అద్దెకి తీసుకున్నాను. ఆధార్ జిరాక్స్, ఒక ఖాళీ చెక్కు ఇచ్చి, నాలుగు రోజులకి బాడీ, 24-70, 180-600 లెన్సులు, రెండు బ్యాటరీలు. కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. బ్యాటరీలు చూపించమంటే "ఫుల్ ఛార్జ్ అన్నా, డౌటే లేదు" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటి రాత్రి గాంధీనగర్‌లో స్టేషన్‌కి దగ్గరగా ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది కానీ ప్లగ్గు ఒక్కటే, అదీ బాత్రూమ్ తలుపు పక్కన. కెమెరా ఛార్జర్, ల్యాప్‌టాప్, ఫోన్ వంతులేసుకుని ఛార్జ్ చేసుకోవాల్సి వచ్చింది. పైగా మెనూ తిప్పుతుంటే ఇంకో సంగతి బయటపడింది. దేని మీద ఫోకస్ పట్టుకోవాలో కెమెరాకి చెప్పే సబ్జెక్ట్ డిటెక్షన్‌లో పక్షుల ఆప్షనే లేదు. జెడ్8కి అది 2024 ఫిబ్రవరిలో వచ్చిన 2.00 ఫర్మ్‌వేర్‌తో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కలిసింది. షాపువాళ్లు అప్‌డేట్ చేయనేలేదు. ఆ ఒక్క ప్లగ్గు దగ్గర నేల మీద కూర్చుని, ఫైలు దించి, కార్డులో వేసి, అర్ధరాత్రి దాకా ఆ పనే. ఫొటోగ్రాఫర్లెవరైనా బెజవాడలో గది తీసుకుంటే ఏసీ సంగతి తర్వాత, ముందు ప్లగ్గులు లెక్కపెట్టండి.

పొద్దున్నే బాబాయ్ హోటల్లో వెన్న ఇడ్లీ తిన్నాక ఆ కోపం పోయింది. అమ్మవారి కొండెక్కి దర్శనం చేసుకున్నాను. పైకి కెమెరా, ఫోన్ తీసుకెళ్లకూడదు కాబట్టి సామానంతా గదిలోనే వదిలాను. తొమ్మిదికి బావ కారులో వచ్చాడు. బ్యారేజీ దాటి ఉండవల్లి.

ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. నాలుగంతస్తులుగా తొలిచిన కొండ, లోపల ఇరవై అడుగుల దాకా పడుకుని ఉన్న అనంతపద్మనాభుడు, బయట వరండా అంచున పొలాల వైపు చూస్తూ కూర్చున్న రాతి మునులు. పురావస్తు శాఖ వాళ్లది కాబట్టి అనుమతి లేకుండా ట్రైపాడ్ వేయకూడదు. మాకు కావాల్సిందీ అదే, చేతి మీద తీయడం.

స్వామి పాదాల దగ్గర చీకటి. కళ్లు అలవాటు పడటానికే రెండు నిమిషాలు పట్టింది. స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని ఎంత పెంచి చూపాలన్న అంకె) పెంచకుండా పావు సెకను షట్టర్ పెట్టాను. నికాన్‌లో ఐదు తీస్తే మూడు నిలబడ్డాయి. బావ అర సెకను పెట్టి ఐదింట్లో నాలుగు కదలకుండా తెచ్చాడు. కంపెనీ లెక్కల్లోనూ చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ కెనాన్‌ది 8.5 స్టాపులు, నికాన్‌ది 6 (ఒక్కో స్టాపుకి షట్టర్ రెట్టింపు సేపు తెరవొచ్చు). ఆ అంకెలు ఎవరైనా వేసుకుంటారులే అనుకునేవాణ్ని. ఆదిశేషుడి పడగల మీద ఉలి గీతలు బావ తెర మీద ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపించేసరికి నోరు మూసుకున్నాను.

తర్వాత లోపల నిలబడి స్తంభాల మధ్యనుంచి బయట పొలాన్ని తీశాం. బయట పది గంటల ఎండ, లోపల కటిక నీడ. ఇక్కడ నికాన్ బాకీ తీర్చుకుంది. దీని బేస్ ఐఎస్ఓ, అంటే మామూలుగా పెట్టగల అతి తక్కువ అంకె, 64, కెనాన్‌ది 100. రాత్రి ల్యాప్‌టాప్‌లో నీడల్ని పైకి లాగి చూస్తే నికాన్ ఫైల్లో స్తంభం గరుకుదనం గరుకుదనంలాగే వచ్చింది, కెనాన్‌లో కాస్త ఇసక చల్లినట్టుంది. పెళ్లికూతురి నాన్నకి ఈ తేడా జన్మలో కనిపించదు. నాకు కనిపిస్తుంది, అదే నా జబ్బు.

మెట్లెక్కి దిగేటప్పటికి బరువు సంగతి తెలిసొచ్చింది. బ్యాటరీ, కార్డుతో కలిపి జెడ్8 910 గ్రాములు, కెనాన్ 746. చేతిలో పట్టుకుంటే పెద్ద తేడా అనిపించదు. మధ్యాహ్నం ఒంటిగంటకి మెడకి తెలుస్తుంది.

రెండో రాత్రి భవానీపురంలో టూరిజం వాళ్ల హరిత బెర్మ్ పార్కులో ఉన్నాం. కృష్ణ ఒడ్డున గది, ఎదురుగా భవానీ ద్వీపానికి వెళ్లే పడవలు. స్టేషన్ దగ్గర లాడ్జితో పోలిస్తే అద్దె ఎక్కువే. కానీ పొద్దున లేచి తలుపు తీస్తే నది. మంచం పక్కన ప్లగ్గులు రెండు. ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం సీతానగరం వైపు నుంచి బ్యారేజీ తీశాం. 1957లో పూర్తయిన 70 గేట్ల కట్ట, వెనక ఇంద్రకీలాద్రి దీపాలు. ట్రైపాడ్ మీద 15 సెకన్లు పెడితే ఏ కెమెరా అయినా ఒకటే. ఇక్కడ తేల్చడానికేమీ లేదు, దోమలు తప్ప.

ఆదివారం తెల్లవారుజామున ఉప్పలపాడు. గుంటూరుకి ఆనుకునే ఉన్న ఊరు. ఊరి మధ్య చెరువు, చెరువులో తుమ్మచెట్లు, వాటి మీద చోటు చాలనట్టు పక్షులు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు. ఇళ్ల అరుగుల మీద కూర్చుని పళ్లు తోముకునేవాళ్లకి అవేం కొత్త కాదు. "ఏ ఊరు బాబూ?" అని అడిగి వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. పక్షుల కోసం ఎక్కడెక్కడికో పోయేవాళ్లు ముందు ఇక్కడికి రండి, టీ కొట్టు నుంచే ఫొటో వస్తుంది.

ఒక గూడబాతు నోట్లో పుల్ల పట్టుకుని కొమ్మ మీద ఊగుతోంది. ఎగిరేది ఎప్పుడో తెలియదు. షట్టర్ సగం నొక్కి పట్టుకున్నాం. అది రెక్క విప్పింది, నేను నొక్కాను, అప్పటికే కొమ్మ వదిలేసింది. నాకు దొరికినవన్నీ గాల్లో ఉన్నవి. బావకి మాత్రం కాళ్లు కొమ్మని తన్నే క్షణం దొరికింది. కారణం ప్రీ క్యాప్చర్. ఆర్5 మార్క్ 2 మీట నొక్కడానికి ముందు అర సెకను కూడా దాచుకుంటుంది, అదీ సెన్సర్ పట్టిందంతా ఉంచే రా ఫైల్లో, సెకనుకి 30 చొప్పున. జెడ్8లోనూ ఆ సదుపాయం ఉంది కానీ కుదించిన జేపెగ్‌లోనే. రాలో సెకనుకి 20 దాకా వెళ్తుంది. ఫోకస్ రెండిటిదీ కన్ను మీదినుంచి జరగలేదు. రాత్రి కూర్చుని చేసిన అప్‌డేట్ వృథా పోలేదు.

లెన్సుల దగ్గర ఇంకో తేడా. నా 180-600 ట్రైపాడ్‌కి బిగించే కాలర్ లేకుండానే 1,955 గ్రాములు. జూమ్ చేసినా పొడుగు మారదు, ఎంత దూరం పోయినా ఎఫ్6.3 (ఈ అంకె ఎంత తక్కువైతే అంత వెలుగు లోపలికొస్తుంది). బావ 100-500 కాలర్ లేకుండా 1,370, కానీ చివరికి వెళ్తే ఎఫ్7.1, తొండంలా బయటికొస్తుంది. ఏడుగంటల వెలుగులో నాది నయం. ఎనిమిదిన్నరకి నా చేయి వణకడం మొదలెట్టింది.

కెనాన్‌లో ఐ కంట్రోల్ అని ఒకటుంది. వ్యూఫైండర్లో ఎటు చూస్తే ఫోకస్ అటు పోతుంది. బావకి పనిచేసింది. కళ్లద్దాలతో నాకు మూడుసార్లు సరిచేసినా పక్క కొమ్మ మీద కొంగని పట్టుకునేది. "నీ చూపే తిన్నగా లేదురా" అన్నాడు బావ. వ్యూఫైండర్ మాత్రం వాళ్లదే స్పష్టంగా ఉంది, 57.6 లక్షల చుక్కలు. నాది 36.9 లక్షలు.

తొమ్మిదింటికి నా రెండో బ్యాటరీ పెట్టాను. 30 శాతం చూపిస్తూ టక్కున ఆరిపోయింది. అడుగున చూస్తే పాత రకం, ఉబ్బి ఉంది. ఇదీ "డౌటే లేదు" కథ. అద్దెకి తీసుకునేటప్పుడు బ్యాటరీ పెట్టి, మెనూలో బ్యాటరీ వయసు చూపించే చోటు చూసి తీసుకోండి. సున్నా అంటే కొత్తది, నాలుగంటే పారేయాల్సింది.

సాయంత్రం గుంటూరులో ఒక ఫంక్షన్ హాల్. పెళ్లి కాదు, బావ ఒప్పుకున్న మొదటి పుట్టినరోజు. నా అసలు పరీక్ష ఇది. జెడ్8లో మెకానికల్ షట్టరే, అంటే కదిలే పరదాయే, లేదు. స్టేజి వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే చారలు పడతాయని మా వాళ్లలో గట్టి ప్రచారం. నేను కొనడానికి భయపడ్డదీ దానికే.

1/500 పెట్టి తీశాను. వాల్ మీద చారలు. అనుకున్నంతా అయిందనుకున్నాను. బావ మెకానికల్ షట్టర్‌తో అదే 1/500 తీశాడు. చారలు! ఇద్దరం తెరలు పక్కపక్కన పెట్టుకుని చూశాం. మెకానికల్ అయినా అంత వేగంలో పరదా సన్నని సందులా సెన్సర్ మీద జరుగుతుంది, ఆ జరిగేలోపు దీపం ఆరి వెలుగుతుంది. సెన్సర్ నెమ్మదిగా చదివే పాత కెమెరాల సైలెంట్ షట్టర్‌తో పడ్డ మచ్చ ఇది, జెడ్8 సెన్సర్ దాదాపు పరదా అంత వేగంగానూ చదివేస్తుంది. 1/100కి దిగాం. రెండిట్లోనూ వాల్ దాదాపు శుభ్రం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హాల్లో మామూలు లైట్లకి కూడా 1/50, 1/100 సుఖం. ఇంకా మొండి వాల్ అయితే షట్టర్‌ని దశాంశాల్లో తిప్పుకునే ఫ్లికర్ సెట్టింగ్ రెండు కెమెరాల్లోనూ ఉంది. రెండేళ్లుగా మోస్తున్న భయం పది నిమిషాల్లో తేలిపోయింది.

నికాన్‌తో వేరే ఇబ్బంది వచ్చింది, నేను ఊహించనిది. చప్పుడు లేకపోతే మనవాళ్లకి ఫొటో తీసినట్టు ఉండదు. బిడ్డని ఎత్తుకున్న తాతగారు నవ్వు బిగబట్టి అలాగే నిలబడి, "తీశావా బాబూ? ఇంకా తియ్యలేదా?" అని అడుగుతూనే ఉన్నారు. మెనూలోకి పోయి ఉత్తుత్తి క్లిక్ శబ్దం పెట్టాక కానీ స్టేజి దిగలేదు.

ఆ రాత్రి అక్కవాళ్లింట్లో. అద్దె లేదు, సర్వీసు బ్రహ్మాండం, గోంగూర పచ్చడి అదనం.

సోమవారం మిర్చి యార్డు. బావకి తెలిసిన కమీషన్ ఏజెంటు ఉన్నాడు కాబట్టి లోపలికి వెళ్లాం. కొత్త పంట అప్పుడప్పుడే దిగుతోంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలుగా, వాటి మూతి విప్పి పోసిన తేజ రకం నేల మీద మంటలా ఉంది. హమాలీలు తువ్వాలు ముక్కుకి చుట్టుకుని పరిగెడుతున్నారు. మేం గేటు దాటిన నిమిషానికే దగ్గు.

ఎరుపుని తీయడం కష్టం. వెలుగు పంపకం చూపించే హిస్టోగ్రామ్ మొత్తంగా చూస్తే అంతా బాగానే ఉందంటుంది. రంగుల వారీగా పెట్టుకుని చూస్తే ఎరుపు గోడకి గుద్దుకుని ఉంటుంది, కాయ మీద ముడతలన్నీ పోయి ఎర్ర ముద్ద మిగులుతుంది. ఒక స్టాపు తగ్గించి, అంటే వెలుగు సగానికి దించి, తీశాం. తగ్గించాక నికాన్ ఎరుపు కొంచెం ముదురుగా, కాయ తొడిమె దగ్గర నలుపు కనిపించేలా వచ్చింది. కెనాన్‌ది కాస్త నారింజ వైపు, కానీ అక్కడున్నవాళ్ల మొహాలు దాంట్లోనే బాగున్నాయి. చర్మం రంగు దగ్గర కెనాన్ మీద నా అసూయ పాతదే. లెన్సు మాత్రం ఒక్కసారి కూడా విప్పలేదు. ఆపితే రెండు కెమెరాల సెన్సర్ల ముందూ మూత పడుతుంది, అయినా ఆ ధూళిలో ఎవరికీ ధైర్యం చాలలేదు.

దారిలో బావ అడిగాడు, "ఏం తేల్చావు?"

"నికానే బావా."

"పక్షి తప్పిపోయింది కదరా."

"నాకు డబ్బులిచ్చేది పక్షులు కాదుగా."

పక్షులే నా బతుకైతే, లేదా చేతిలో ఏ లెన్సూ లేకుండా మొదలుపెడుతుంటే కెనానే కొనేవాణ్ని. నా దగ్గర పాత 70-200 ఉంది, పాత నికాన్ లెన్సుల్ని బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్8కి చక్కగా పనిచేస్తుంది. సొంత మోటార్ లేని 50 డీ లెన్సుని తిప్పడానికి మాత్రం ఆ అడాప్టర్‌లో మోటార్ లేదు, చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే, దాన్ని అమ్మేస్తాను. టామ్రాన్ కంపెనీ 35-150 జెడ్ మౌంట్‌కి (జెడ్8 లెన్సు బిగింపు) ఉంది, ఒక్క లెన్సుతో పెళ్లి మొత్తం లాగొచ్చు. కెనాన్ తన ఫుల్ ఫ్రేమ్‌కి బయటి కంపెనీల నుంచి అలాంటిది అప్పటికింకా రానివ్వలేదు. మిగిలిన డబ్బుకి కార్డులు, రెండు అసలు బ్యాటరీలు వస్తాయి.

సాయంత్రం ఆరింటికి బెజవాడ షాపులో అప్పగించాను. ఉబ్బిన బ్యాటరీ బల్ల మీద పెడితే, ఇచ్చేటప్పుడు బాగానే ఉందని కుర్రాడి వాదన. గంట ఆలస్యానికి అర రోజు అద్దె అన్నాడు. అరగంట గొడవ తర్వాత బ్యాటరీకీ ఆలస్యానికీ చెల్లుకి చెల్లు అనుకున్నాం. లెన్సు చూడటానికి బ్యాగు జిప్పు తీసి మొహం లోపల పెట్టాడు. వరసగా నాలుగు తుమ్ములు.

"ఏం పెట్టారన్నా ఇందులో?"

"తేజ రకం" అని చెక్కు తీసుకుని స్టేషన్‌కి నడిచాను.