హైస్కూల్ ఆటల రూల్స్ ఎవరి చేతిలో ఉంటే మేలు?

అమెరికాలో పిల్లల్ని హైస్కూల్ టీముల్లో ఆడిస్తున్న మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు, దేశమంతటికీ ఒకటే రూల్ ఎందుకు పెట్టరని. మా అబ్బాయి స్కూల్ మారేదాకా నేనూ అదే అనుకున్నాను.

ఆట ఎలా ఆడాలన్నది వేరు, ఎవరు ఆడొచ్చన్నది వేరు. మొదటిదానికి రూల్ బుక్కులు రాసేది ఇండియానాపొలిస్‌లోని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్, రాష్ట్రాల హైస్కూల్ అసోసియేషన్లన్నిటికీ కలిపి 1920 నుంచి ఉన్న జాతీయ సంస్థ. కానీ రాష్ట్రాలు దాని మాట వినితీరాలనేం లేదు. టెక్సాస్ ఫుట్‌బాల్‌కి కాలేజీల రూల్సే వాడుతుంది, బాస్కెట్‌బాల్‌లో 35 సెకన్ల షాట్ క్లాక్‌ని (బంతి చేతికొచ్చాక బాస్కెట్‌కి వేయడానికి గడువు) కూడా 2022-23 నుంచి రాష్ట్రాల ఇష్టానికే వదిలేశారు. ఆట ఎలా ఆడాలన్న ఈ ఒక్క విషయంలో జాతీయ సంస్థే మేలు, ఎందుకంటే ఏ రకం ట్యాకిల్‌తో (ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టడం) దెబ్బలు తగులుతున్నాయో ఒక్క రాష్ట్రం చూస్తే తెలియదు.

రెండోది, అంటే ట్రాన్స్‌ఫర్లు, వయసు, మార్కుల సంగతి, హైస్కూల్ ఆటలు నడిపే రాష్ట్ర అసోసియేషన్లది: కాలిఫోర్నియాలో సీఐఎఫ్, టెక్సాస్‌లో యూఐఎల్. ఏడుపంతా ఇక్కడే. ఇల్లు మారకుండా స్కూల్ మారితే చాలాచోట్ల కొంతకాలం వర్సిటీ, అంటే స్కూల్ మెయిన్ టీములో, ఆడనివ్వరు. మేము ఇల్లు మారినా, ఒక కాగితం తక్కువైందని మావాణ్ణి పక్కన కూర్చోబెట్టారు. మూడు గేములు పోయాయి, వాడు అన్నం సరిగ్గా తినలేదు. అయినా అప్పీల్‌కి పిలిచారు, విన్నారు, సీజన్ మధ్యలోనే తేల్చారు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం అదే. ఫుట్‌బాల్ రెగ్యులర్ సీజన్ అంటే పదో పదకొండో వారాలు, డిసెంబర్‌లో తీర్పు మనవైపు వచ్చినా ఏం చేసుకుంటాం?

అసోసియేషన్లను నడిపేది ఎక్కువగా స్కూళ్ళవాళ్ళే కదా, వాళ్ళకు అడ్డెవరు అంటారు. కోర్టులున్నాయి. టెన్నెసీ అసోసియేషన్ కేసులో 2001లో సుప్రీం కోర్టు, అది ప్రభుత్వంతో అంతగా ముడిపడి ఉంది కాబట్టి రాజ్యాంగానికి లోబడాల్సిందేనని చెప్పింది.

శాసనసభలు కూడా రూల్స్ పెడతాయి. తలకు దెబ్బ తగిలిన పిల్లల్ని డాక్టర్ లాంటివాళ్ళు సరేననే దాకా ఆడించకూడదని వాషింగ్టన్ రాష్ట్రం 2009లో చట్టం చేసింది, తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అలాంటివాటికి చట్టమే ఉండాలి, కోచ్ దయకు వదలకూడదు. ట్రాన్స్‌ఫర్ల రూల్స్ మాత్రం శాసనసభలకు వద్దు. టెక్సాస్ శాసనసభ మామూలుగా రెండేళ్ళకోసారి కూర్చుంటుంది, హైస్కూలే నాలుగేళ్ళు.

స్కూల్ డిస్ట్రిక్టులు అసోసియేషన్ రూల్‌ని కఠినం చేయగలవు గానీ సడలించలేవు. అందుకే స్కూల్ మార్చేముందు అథ్లెటిక్ డైరెక్టర్‌ని (స్కూల్లో ఆటల వ్యవహారాలు చూసేవాళ్ళు) అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. మేము నోటిమాట నమ్మాం.