పాత స్పోర్ట్స్‌మన్ 570తో నాలుగేళ్లు: ఇంజనులో ఎవరో చేసిన మార్పులను నేను ఎలా పట్టుకున్నాను

2021 చివరలో అనంతపురం జిల్లా నార్పల దగ్గరి మా చీనీ (బత్తాయి) తోట కోసం పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 అనే నాలుగు చక్రాల మట్టిదారుల బండిని (ఏటీవీ) పాతది కొన్నాను. ఎనిమిదెకరాల్లో మందు కొట్టడానికి, ఎరువు బస్తాలు మోయడానికి, డ్రిప్పు పైపులు ఎక్కడ పగిలాయో చూసి రావడానికి ట్రాక్టరు మరీ పెద్దది, మోటారు సైకిలు మరీ చిన్నది. బెంగళూరు శివారులో ఒక కుర్రవాడు వారాంతపు సరదా కోసం ఉంచుకున్న ఈ బండిని మూడు లక్షల అరవై వేలకు ఇచ్చాడు. "ఇంజను ముట్టుకోలేదు సార్, కంపెనీ నుంచి ఎట్లొచ్చిందో అట్లే ఉంది" అన్నాడు. ఆ మాటలో సగమే నిజమని తెలుసుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. పాత బండి కొనబోయేవారికి ఆ పద్నాలుగు నెలలే ఎక్కువ పనికొస్తాయి కనుక ఈ సమీక్షలో బండి గుణగణాల కంటే వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ బండిలో ఉండేది 567 సీసీ ఒంటి సిలిండరు ఇంజను. నీటితో చల్లబడుతుంది, పెట్రోలును ఇంజెక్టరు అందిస్తుంది, శక్తి 44 హార్స్ పవర్. గేర్లు మార్చే పని లేదు. స్కూటరులో ఉన్నట్లే రెండు పుల్లీల మధ్య బెల్టు తిరుగుతుంది. వెనుక క్యారియరు 82 కిలోల వరకు మోస్తుంది కాబట్టి అరవై లీటర్ల మందు ట్యాంకు, చిన్న పంపు దాని మీద సరిపోయాయి. ఈ పనులన్నిటికీ బండి మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా దానిని నాకంటే ముందు విప్పిన చేతుల మీదే.

కొనేటప్పుడు నేను చూసినవి అందరూ చూసేవే. పొగ లేదు, నూనె కారడం లేదు, స్విచ్చి నొక్కగానే స్టార్టయింది. సైలెన్సర్ మాత్రం కంపెనీది కాదు. బయటి మార్కెట్లో దొరికే అల్యూమినియం రకం. శబ్దం కోసం కుర్రకారు మార్చుకునేదే కదా అని దానిని లెక్కలోకి తీసుకోలేదు. నా మొదటి తప్పు అదే. ఇంజెక్టరు ఉన్న ఇంజనుకు పొగ బయటికి పోయే దారి వెడల్పు చేస్తే లోపలికి వచ్చే గాలి పెరుగుతుంది. ఆ గాలికి తగినట్లు పెట్రోలు పెంచకపోతే మిశ్రమం పలుచబడి మంట వేడెక్కుతుంది. అందువల్ల మార్చిన సైలెన్సర్ కనబడగానే అడగవలసిన ప్రశ్న "పెట్రోలు సంగతి ఏం చేశారు?" అన్నది. నేను అడిగింది "పాత సైలెన్సర్ ఉందా?" అని మాత్రమే. లేదన్నాడు.

తోటలో దిగిన మొదటి వారంలోనే ఒక విచిత్రం కనిపించింది. మందు కొట్టేటప్పుడు బండి మనిషి నడకతో సమానంగా సాగాలి. ఇది మాత్రం యాక్సిలరేటరు కొద్దిగా నొక్కితే ఇంజను ఊరికే అరిచేది, ఇంకాస్త నొక్కితే ఉన్నట్టుండి ముందుకు దూకేది. చీనీ చెట్ల ముళ్ల మధ్య అలా దూకే బండి మీద కూర్చోవడం సుఖం కాదు. బెల్టు అరిగిందేమోనని కొత్తది వేయించినా గుణం మారలేదు. చివరికి అనంతపురంలో నా మోటారు సైకిలు చూసే మెకానిక్కు బెల్టు మూత విప్పి, ముందు పుల్లీలోని బరువులను తీసి అరచేతిలో తూచినట్లు ఊపి, "అన్నా, ఇవి దీంతో వచ్చినవి కాదు, ఎవరో ఇప్పి తేలికవి ఏసినారు" అన్నాడు. ఆ బరువుల మీద కంపెనీ అంకెలు లేవు, స్ప్రింగు రంగు కూడా వేరు. బరువులు తేలికైతే పుల్లీ మూసుకుని బెల్టును పట్టుకోవడానికి ఇంజను ఎక్కువ వేగంతో తిరగాలి. ఇసుకలో ఎగిరి దూకేవారికి అది కావాలి, చెట్టు చెట్టు దగ్గర ఆగి సాగేవారికి అది శిక్ష. బెంగళూరు నుంచి అసలు బరువులు, స్ప్రింగు తెప్పించి వేయించగానే బండి ఎద్దులా నెమ్మదించింది.

అప్పటి నుంచి మెకానిక్కుకు అనుమానం పట్టుకుంది. పుల్లీలో చెయ్యి పెట్టినవాడు అక్కడితో ఆగి ఉండడని అతని వాదన. సీటు తీసి వైర్ల గుత్తిని వేళ్లతో తడుముతూ పోయి, ఇంజెక్టరుకు వెళ్లే వైరు దగ్గర ఆగాడు. కంపెనీ వారి చుట్టు మెత్తగా, మట్టి పట్టి ఉంటుంది. అక్కడ ఒక జానెడు మేర మాత్రం మామూలు కరెంటు పని టేపు చుట్టి ఉంది. విప్పితే లోపల రెండు వైర్లు కోసి మళ్లీ అతికించిన గుర్తులు కనిపించాయి. పక్కనే ఫ్రేముకు అట్టపెట్టె అంత చోటులో ప్లాస్టిక్ పట్టీలు ఖాళీగా వేలాడుతున్నాయి. అంటే ఒకప్పుడు అక్కడ పెట్రోలు పెంచే నియంత్రణ పెట్టె ఉండేది. అమ్మే ముందు ఆ పెట్టెను తీసి విడిగా అమ్ముకుని ఉంటాడు, సైలెన్సర్‌ను మాత్రం అలాగే ఉంచాడు.

పూర్తిగా మార్చిన ఇంజను కంటే సగం వెనక్కి తీసిన ఇంజను ఎక్కువ ప్రమాదం. బండిని మార్చినవాడు గాలి పెంచాడు, దానికి తగ్గ పెట్రోలూ పెంచాడు. అమ్మేటప్పుడు పెట్రోలు పెంచే పెట్టెను తీసుకుపోయాడు. నేను కొన్నది కంపెనీ బండీ కాదు, మార్చిన బండీ కాదు. ప్లగ్గు తీసి చూస్తే ఉండవలసిన ఇటుక రంగు లేదు, సున్నం వేసినట్లు తెల్లగా ఉంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు సైలెన్సర్‌లో వచ్చే టపటప శబ్దాన్ని నేను ఏడాదిగా ముచ్చటపడి వింటున్నాను. అది పలుచని మిశ్రమం పెట్టిన గోడు. ఇంజను నుంచి బయటికి వచ్చే గొట్టం మొదట్లో నీలం రంగుకు తిరిగి ఉండడం కూడా అప్పుడే గమనించాను. ఆ నీలం మొదటి రోజే ఉంది, నేనే చూడలేదు.

ఇంకా పెద్దది ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఉంది. దాని మూతకు పైభాగంలో చెయ్యి పట్టేంత రంధ్రం కోసి, అంచులను ఆకురాయితో నున్నగా చేశారు. నీళ్లలో, బురదలో సరదాగా తిప్పే చోట అది ఎలా ఉంటుందో కానీ, ఏడాదికి సగటున 550 మి.మీ. చుట్టుపక్కల వాన పడే మా జిల్లాలో ఎనిమిది నెలలు గాలిలో ఎర్రటి దుమ్మే. ఫిల్టరు దాటిన తర్వాత ఉండే రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే కుంకుమలా మట్టి అంటింది. ఈ ఒక్క పరీక్ష ఎవరైనా, ఏ పనిముట్టూ లేకుండా, బేరం మాట్లాడుతూనే చేయవచ్చు. ఆ వేలికి మట్టి అంటితే సిలిండరు గోడ ఎంతో కొంత అరిగినట్లే. మిగిలిన బేరమంతా ఇంజను విప్పే ఖర్చును కలుపుకుని మాట్లాడుకోవాలి.

సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కబడుతుందో (కంప్రెషన్) చూపే గేజీ పెట్టి చూడడం మీద మాత్రం నాకు పెద్దగా నమ్మకం కలగలేదు. ఒంటి సిలిండరు ఇంజన్లు చాలావాటిలో స్టార్టు చేసేటప్పుడు పొగ వాల్వును కొద్దిగా ఎత్తి పట్టే ఏర్పాటు, వాల్వులను తెరిచే క్యామ్‌లోనే ఉంటుంది. దానివల్ల గేజీ అసలు కంటే తక్కువ చూపుతుంది. క్యామ్ మార్చి ఆ ఏర్పాటు తీసేస్తే అదే ఇంజను ఎక్కువ చూపుతుంది. పైగా యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి పట్టుకుని చూడకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. మాకు పనికి వచ్చింది ప్లగ్గు రంధ్రంలోంచి దూర్చే చిన్న కెమెరా. ఫోనుకు తగిలించుకునే రకం, పన్నెండు వందల రూపాయలది. దానిలో పిస్టన్ తల కనిపించింది: మసి కింద యంత్రంతో చెక్కిన గీతలు, నడుమ ఎత్తుగా ఉబ్బిన భాగం, వాల్వులు తగలకుండా లోతుగా తీసిన గుంటలు. ఇది పోత పోసిన పిస్టన్ కాదు, కొట్టి చేసినది. కంప్రెషన్ పెంచడానికి వేసినది.

దానితో చాలా సంగతులు ఒక్కసారిగా అర్థమయ్యాయి. చలికాలం తెల్లవారుజామున స్టార్టు చేస్తే రెండు నిమిషాలు టకటకమని, వేడెక్కాక ఆ శబ్దం తగ్గిపోయేది. కొట్టి చేసిన పిస్టన్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి దానికి ఎక్కువ సందు వదులుతారు. చల్లగా ఉన్నప్పుడు అది గోడకు తగులుతూ ఉంటుంది. ఏప్రిల్‌లో 42 డిగ్రీల ఎండలో గట్టు ఎక్కిస్తుంటే వచ్చే గలగల శబ్దం వేరు. అది 91 ఆక్టేన్ మామూలు పెట్రోలు ఆ కంప్రెషన్‌ను తట్టుకోలేక, మంట చేరకముందే దానంతట అదే పేలడం. 95 ఆక్టేన్ పెట్రోలు పోస్తే ఆ గలగల తగ్గింది కానీ, తోట పనికి లీటరుకు అదనంగా చెల్లించడం నాకు రుచించలేదు.

2023 వేసవిలో ఇంజను దించాము. సిలిండరు పైభాగం విప్పకముందే, మూత అంచున ఎవరో మళ్లీ పూసిన సీలెంటు (సందు మూసే జిగురు) పిసికి బయటికి వచ్చి ఉందని మెకానిక్కు చూపించాడు. బోల్టుల మూలలు ఒకటి రెండు గుండ్రంగా అరిగి మెరుస్తున్నాయి. ఆ మెరుపు పాత బండిలో ఉండవలసింది కాదు. లేత్ షాపులో సిలిండరు లోపలి వ్యాసం కొలిస్తే అరుగుదల పోను కంపెనీ కొలతైన 99 మి.మీ.కే వచ్చింది. పిస్టన్ కదిలే దూరం (స్ట్రోకు) 73.6 మి.మీ. కాబట్టి సీసీ పెంచలేదు, పిస్టన్ ఎత్తు మాత్రమే పెంచారు. దుమ్ము వల్ల గోడ మీద నిలువు గీతలు పడ్డాయి. సిలిండరు పని, కంపెనీ పిస్టన్, రింగులు, గాస్కెట్లు, కొత్త ఫిల్టర్ పెట్టె, ఎక్కడో దొరికిన అసలు సైలెన్సర్ అన్నీ కలిపి తొంభై రెండు వేలు అయ్యింది. నేను అడిగిన ఏడు చోట్లలో ఆరు చోట్ల సైలెన్సర్ దొరకలేదు. పాత బండి కొనేటప్పుడు విప్పి పక్కన పెట్టిన అసలు భాగాలను కూడా అడిగి తెచ్చుకోవాలని అప్పుడు తెలిసింది.

కాగితాల సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన బండిని కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా మార్చకూడదు. నా బండికి రిజిస్ట్రేషనే లేదు, తోట గట్టు దాటి రోడ్డెక్కదు. అందువల్ల ఇంజను నంబరును సరిపోల్చుకోవడానికి ఆర్సీ ఉండదు. మొదటి కొనుగోలు బిల్లు ఒక్కటే ఆధారం. బిల్లు లేని బండి ఎంత చవకైనా నేను చూడను. ఇదే బండిలో ట్రాక్టరుగా రిజిస్టరయ్యే రకం కూడా వచ్చింది. ఊళ్ల మధ్య తిరగవలసినవారు దానినే వెతకడం మేలు.

ఇంజను మళ్లీ కట్టిన తర్వాత రెండేళ్లుగా మూడు వందల గంటలకు పైగా నడిచింది. నూనె తగ్గడం లేదు, ప్లగ్గు ఇటుక రంగులో ఉంది, మామూలు పెట్రోలే పోస్తున్నాను. మందు ట్యాంకుతో వరుసకు అటూ ఇటూ తిరిగితే ఒక పూటలో రెండున్నర ఎకరాలు అవుతుంది. మూడు లక్షల అరవై వేలు, ఆ మీదట తొంభై రెండు వేలు, అంతకుముందు పుల్లీకి పెట్టిన పదకొండు వేలు కలిపి చూస్తే కొత్తదాని ధర కంటే ఇంకా చాలా తక్కువే. అయితే ఆ ఎత్తు పిస్టన్‌ను మొదటి రోజే కెమెరాలో చూసి ఉంటే రెండున్నర లక్షలకు మించి ఒక్క రూపాయి చెప్పేవాణ్ణి కాదు.